ఒక ర్యాంక్ పోతే మిగతావన్నీ వేలాడుతున్నాయి, ఎంపిఐలో మీరేం చేస్తున్నారు?

నూజివీడు_రసం: ఎంపిఐ (ప్రాసెస్‌లు సందేశాలతో మాట్లాడుకునే పద్ధతి)ని పైథాన్‌లో వాడే ఎంపిఐ4పై లైబ్రరీతో రాసిన కోడ్, 64 ర్యాంకులు, అంటే కలిసి నడిచే 64 ప్రాసెస్‌లు. ఒకదానికి ఇన్‌పుట్ ఫైల్ దొరక్క ఎక్సెప్షన్ వస్తుంది, ట్రేస్‌బ్యాక్ కూడా పడుతుంది, అయినా జాబ్ ఆగదు. మిగతావన్నీ బ్యారియర్ (అందరూ వచ్చేదాకా ఆగే చోటు) దగ్గర తిష్ఠ వేస్తాయి, వాల్‌టైమ్ (జాబ్‌కి ఇచ్చిన గడువు) అయ్యేదాకా క్లస్టర్ గంటలు దండగ. పైథాన్‌ని ఆపే సిస్.ఎగ్జిట్ పెట్టినా ఇదే తంతు.

కోర్‌డంప్: అది అంతే బ్రో. పైథాన్ ముగిసేటప్పుడు ఎంపిఐ4పై తనంతట తానే ఫైనలైజ్ (ఎంపిఐని మూసే ఫంక్షన్) పిలుస్తుంది, అది ర్యాంకులన్నీ కలిసి చేయాల్సిన పని, కాబట్టి పోయే ర్యాంక్ అక్కడ ఆగుతుంది, మిగతావి బ్యారియర్‌లో ఆగుతాయి. 'పైథాన్ -ఎమ్ ఎంపిఐ4పై' అని పెట్టి స్క్రిప్ట్ నడుపు, ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్ వస్తే అదే అబార్ట్ (ర్యాంకులన్నిటినీ ఒక్కసారే ఆపేది) పిలుస్తుంది.

గట్టు_మీద: అబార్ట్ సరే, కానీ అది పిలిచిన క్షణంలో చెక్‌పాయింట్ (మళ్లీ అక్కడి నుంచే మొదలెట్టడానికి దాచే స్థితి) రాస్తున్న ర్యాంక్ ఉంటే ఫైలు సగంలో తెగుతుంది. అందుకే ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకి మార్చాలి. ఫైల్ లేకపోవడం లాంటి ముందే ఊహించగల తప్పులకి అబార్ట్ ఎందుకండి? ఒక్కో ర్యాంక్ బాగుంటే 0, తప్పొస్తే 1 అని ఫ్లాగ్ పెట్టుకుని, అందరి విలువలూ కలిపి ఫలితం అందరికీ ఇచ్చే ఆల్‌రెడ్యూస్‌లో గరిష్ఠం తీస్తే అందరికీ ఒకేసారి తెలుస్తుంది, అందరూ మర్యాదగా బయటికొస్తారు.

పాత_ఫోర్‌ట్రాన్: సి భాషలో రాసేవాళ్లకి ఒక మాట. కమ్యూనికేటర్‌కి (మాట్లాడుకునే ర్యాంకుల గుంపుకి) తప్పొస్తే ఏం చేయాలో చెప్పే డిఫాల్ట్ హ్యాండ్లర్ ఎర్రర్స్_ఆర్_ఫేటల్, తప్పొస్తే ప్రోగ్రామ్ పోతుంది. ఫైళ్లకి మాత్రం రివర్స్, డిఫాల్ట్‌గా ఎర్రర్స్_రిటర్న్. అంటే ఎంపిఐ_ఫైల్_ఓపెన్ విఫలమైనా కోడ్ చప్పుడు లేకుండా ముందుకెళ్తుంది, రిటర్న్ విలువ చూసే నాథుడు ఉండడు. అందరికీ ఎర్రర్స్_రిటర్న్ పెట్టేసి చెక్ చేయని కోడ్ ఇంకా ఘోరం, అలాంటివి నేను తెగ చూశాను.

కోర్‌డంప్: ఎగ్జిట్ కోడ్ 137 వస్తే పైథాన్‌లో తప్పులు పట్టుకునే ట్రై-ఎక్సెప్ట్‌లో వెతకొద్దు, అది 128 కి 9 కలిపినది, అంటే సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని బలవంతంగా చంపే సిగ్నల్), చాలాసార్లు మెమరీ చాలక కెర్నల్ చంపినట్టే. స్లర్మ్ అనే జాబ్ షెడ్యూలర్ ఇచ్చే ఎస్‌రన్ కమాండ్‌తో నడిపితే కిల్-ఆన్-బ్యాడ్-ఎగ్జిట్ ఆప్షన్ 1 పెట్టు, ఒకటి పోతే మిగతావాటినీ ఆపేస్తుంది.

నూజివీడు_రసం: ఆల్‌రెడ్యూస్ పెట్టాను, మళ్లీ వేలాడింది! ఎక్సెప్ట్ లోపల పెట్టా మరి.

గట్టు_మీద: తప్పొచ్చిన ర్యాంక్ ఒక్కటే అక్కడికొస్తే మిగతావాళ్లు ఎక్కడో వేరే కలెక్టివ్‌లో (ర్యాంకులన్నీ కలిసి పిలవాల్సిన ఫంక్షన్‌లో) ఉంటారు కదండి. ఎక్సెప్ట్‌లో ఫ్లాగ్ 1 చేసి వదిలేయండి, ఆల్‌రెడ్యూస్ దాని బయట, అందరూ దాటే చోట ఉండాలి. ట్రై లోపల ఏ కలెక్టివ్ పిలుపూ లేకుండా చూసుకోండి.