తాతగారి తాటాకు కట్టలు: బరంపురానికా, విశాఖకా?

మహేంద్రతనయ: పర్లాకిమిడిలో మా పాత ఇంటి అటక మీద తాతగారి తాటాకు కట్టలు పదకొండు ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కడుతున్నాం. ఇక్కడ ఒడిశాలోనే బరంపురం యూనివర్సిటీ లైబ్రరీకి ఇద్దామని నేను, ఆంధ్రా యూనివర్సిటీకి ఇవ్వాలని మా అన్నయ్య. మీరేమంటారు?

గంజాం మాస్టారు: ముందు రసీదు. మా నాన్నగారి పుస్తకాలు నలభై ఓ లైబ్రరీకి రసీదు లేకుండా ఇచ్చాం. రెండేళ్లకి వెళ్తే ఒక్కటీ లేదు. ఒకటి పాత పుస్తకాల కొట్లో దొరికింది, లోపల నాన్నగారి సంతకం. ఇరవై రూపాయలిచ్చి నేనే కొనుక్కొచ్చా. ఒక్కో కట్టలో ఎన్ని ఆకులో లెక్కపెట్టి రాయించుకోండి.

విశాఖవాసి: తెలుగు చదివేవాళ్లున్న చోటికే పంపాలి. గిడుగు రామమూర్తిగారంతటి వారే 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే రాజమండ్రి వెళ్లిపోయారు.

మహేంద్రతనయ: ఆయన వెళ్లారు. మేం ఉన్నాం కదండీ.

గంజాం మాస్టారు: రసీదు మాట ఎవరూ ఎత్తరేం?

విశాఖవాసి: ఉన్నారు సరే, మీ పిల్లలది ఏ మీడియం?

మహేంద్రతనయ: ఒడియా. మీ పిల్లలది?

విశాఖవాసి: ఇంగ్లీషు. దానికీ దీనికీ సంబంధం లేదు.

రాయగడ శారద: ఒక్కరైనా కట్ట విప్పి చూశారా? ఏ లిపి?

మహేంద్రతనయ: ఇప్పుడే ఒకటి దించాను. చుట్టిన ఎర్రగుడ్డ ముట్టుకుంటే పొడి రాలుతోంది. చెక్క అట్టల మధ్య ఆకుల అంచులు పురుగు తినేసింది. అక్షరాల్లో నింపిన మసి పోయింది, గంటం గీతలే మిగిలాయి. టార్చి పక్కనుంచి వేస్తే కనిపించాయి. ఒడియా లిపి. మావాడు కూడబలుక్కుని చదివాడు, ‘శ్రీ గణేశాయ నమః’ అని.

విశాఖవాసి: అయితే తెలుగే కాదన్నమాట!

రాయగడ శారద: లిపిని బట్టి భాష చెప్పలేం. ఈ వైపు సంస్కృతాన్ని కూడా ఒడియా లిపిలో రాసుకునేవారు. చదవగలిగినవాళ్లకి చూపించండి. మసి మీరు పూయకండి, నిమ్మగడ్డి నూనెతో తెలిసినవాళ్లు చేస్తారు. 2003లో కేంద్రం పెట్టిన జాతీయ రాతప్రతుల మిషన్ పనే అది, ఇప్పుడు దాని పేరు జ్ఞాన భారతం. ఫొటోలు తీయిస్తే నకళ్లు రెండు చోట్లా ఉంటాయి.

విశాఖవాసి: ఫొటోలు తర్వాత. ఆ కట్టలు తాతగారి పూజగదిలో కదా ఉండాలి, అటకెక్కించింది ఎవరు?

మహేంద్రతనయ: అన్నయ్యా, నువ్వా?

విశాఖవాసి: ఇల్లు పడగొడతావు, నాకో మాట చెప్పవు. ఇక్కడ ఊరందరికీ చెబుతావు.

మహేంద్రతనయ: నువ్వొచ్చి ఆరేళ్లయింది. పూజగది కారుతోంది. వానాకాలం వాటిని ఎక్కడ పెట్టమంటావు?

విశాఖవాసి: దసరాకి వస్తున్నా. అప్పటిదాకా పూజగది ముట్టుకోకు.

గంజాం మాస్టారు: మంచిది. ఆకులు లెక్కపెట్టడానికి ఇద్దరుండాలి.