లేజర్ డయోడ్‌కి ఏ రెగ్యులేటర్: ఎల్‌ఎం317 ఆ, ఏఎంఎస్‌1117 ఆ?

బ్రాడీపేట కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను గుంటూరులో ఈసీఈ డిప్లొమా చదువుతున్నాను. పాత డీవీడీ రైటర్‌లోంచి తీసిన ఎర్ర లేజర్ డయోడ్‌కి డ్రైవర్ కట్టాను. సిరీస్‌లో రెండు లిథియం సెల్స్, ఏఎంఎస్‌1117 అడ్జస్టబుల్ (వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చిప్పు), 5.6 ఓమ్‌ల రెసిస్టర్, అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెసిస్టర్ మీద చిప్పు నిలబెట్టే 1.25 వోల్టులని 5.6తో భాగిస్తే 223 మిల్లీఆంపియర్లు. మీటర్ పెట్టి చూస్తే సరిగ్గా అంతే వచ్చింది. మీటర్ తీసి డయోడ్ తగిలించాను. గోడ మీద చుక్క ఒక్క క్షణం మెరిసింది, తర్వాత ఎర్రటి మసక వెలుగే మిగిలింది. రెండో డయోడ్‌దీ అదే గతి. ఫ్రెండ్ ఇంకో రెగ్యులేటర్, ఎల్‌ఎం317కి మారమంటున్నాడు. తప్పు చిప్పుదేనా?

గవర్నర్‌పేట మెకానిక్:
తమ్ముడూ, నీ లెక్క తప్పు కాదు. డయోడ్‌ని చంపింది ఆ కెపాసిటర్. మీటర్ తీసేశాక కరెంటు పోయే దారి లేదు. చిప్పు అవుట్‌పుట్‌ని పైకి నెట్టేస్తుంది, కెపాసిటర్ ఏడు వోల్టుల దాకా నిండుతుంది. డయోడ్ ఆనించగానే అదంతా దాని మీద పడుతుంది. లేజర్ డయోడ్ కొసన అద్దంలా పనిచేసే ముఖం ఉంటుంది. కరెంటు హద్దు దాటితే కన్ను మూసి తెరిచేలోపే అది కాలిపోతుంది. ఆ అద్దం పోతే మిగిలేది ఉత్త ఎల్‌ఈడీ. నువ్వు చూసిన మసక వెలుగు అదే.
1117కి ఆ కెపాసిటర్ లేకపోతే నిలకడ ఉండదు. 317 అది లేకుండానే నిలబడుతుంది. నా ఓటు 317కే.

అరండల్‌పేట:
మెకానిక్ గారూ, తప్పు చిప్పుది కాదు, తగిలించిన పద్ధతిది. డయోడ్‌ని ముందే సోల్డర్ చేసి, తర్వాత పవర్ ఇస్తే 1117 దాన్ని ఏమీ చేయదు. 317 తన కోసమే రెండు వోల్టుల దాకా తినేస్తుంది, రెసిస్టర్‌కి ఇంకో 1.25. నీలం డయోడ్ 4.5 అడిగితే మొత్తం 7.75 కావాలి. నిండు సెల్స్ 8.4 ఇస్తాయి కానీ కాసేపటికే 7.4కి దిగుతాయి, వెలుగు పడిపోతుంది. 1117 తినేది 1.1 వోల్టే, దానికి 6.85 చాలు. కెపాసిటర్‌ని చిప్పు అవుట్‌పుట్ కాలు దగ్గరే, రెసిస్టర్‌కి ముందు పెడితే ఆ ఉప్పెనని రెసిస్టర్ ఆపుతుంది కదా?

గవర్నర్‌పేట మెకానిక్:
ఆపదండి, తగ్గిస్తుందంతే. నిండు సెల్స్ 8.4లో చిప్పు 1.1 తింటే 7.3, అందులో ఎర్ర డయోడ్‌కి 2.8 పోతే 4.5 మిగిలింది. 5.6తో భాగిస్తే 800 మిల్లీఆంపియర్లు! సోల్డర్ చేయాలన్న మీ మాట నిజమే, 317కైనా పవర్ ఉండగా డయోడ్ తగిలించకూడదు. కానీ బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా గుచ్చి కట్టే బోర్డు) మీద నేర్చుకునే పిల్లాడికి వదులు కాంటాక్ట్ రాకుండా ఉంటుందా? నీలానికి మీరన్నది ఒప్పుకుంటాను. తమ్ముడిది ఎరుపు, 317కి ఆరు వోల్టులు చాలు.
ఇంకో సంగతి, వేడి. నిండు సెల్స్‌తో ఏ చిప్పైనా దాదాపు ఒక వాట్ మింగుతుంది. కింద రాగి పరుపు లేకపోతే చిన్న 1117 వాట్‌కి 90 డిగ్రీల దాకా ఎక్కుతుంది. రోహిణి కార్తెలో మన బెజవాడ గది 42 అనుకోండి, లోపల 132. దాని హద్దు 125. పెద్ద ఒంటి 317కి అల్యూమినియం రేకు బిగిస్తే సరిపోతుంది. తమ్ముడూ, మధ్యలో మైకా (కరెంటు పారనివ్వని పలుచటి బిళ్ల) పెట్టు, దాని లోహపు వీపు అవుట్‌పుట్‌కి కలిసి ఉంటుంది. కాళ్ల వరస 7805 (5 వోల్టుల రెగ్యులేటర్)లా ఉండదు: అడ్జస్ట్, అవుట్, ఇన్.
ముందు లేజర్ డయోడ్ బదులు నాలుగు 4007లు (మామూలు డయోడ్లు), ఒక ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టు. ఓమ్ మీద ఒక మిల్లీవోల్ట్ అంటే ఒక మిల్లీఆంపియర్.

అరండల్‌పేట:
వేడి సంగతి ఒప్పుకున్నాను. పవర్ బ్యాంక్ 5 వోల్టుల మీద నడిచే చిన్న 5 మిల్లీవాట్ల ఎరుపుకి మాత్రం 1117నే వాడతాను. డయోడ్‌కి 2.2, రెసిస్టర్‌కి 1.25, చిప్పుకి 1.1 కలిపితే 4.55, అక్కడ 317కి చోటు చాలదు. తమ్ముడూ, నీ డయోడ్ వంద మిల్లీవాట్లు దాటుతుంది, కళ్లద్దాలు లేకుండా వెలిగించకు. నీలానికి వాడే నారింజ అద్దాలు ఎరుపుని ఆపవు.

బ్రాడీపేట కుర్రాడు:
అన్నా, మెకానిక్ గారూ, ఇద్దరికీ థాంక్స్. 317, మైకా తెచ్చి కట్టాను. నాలుగు 4007లు పెట్టి చూస్తే ఒక ఓమ్ రెసిస్టర్ మీద మీటర్ 221 మిల్లీవోల్టులు చూపించింది, పది నిమిషాలైనా కదల్లేదు. ఇక ఒక్క డయోడే మిగిలింది. కళ్లద్దాలు వచ్చాక, సెల్స్ తీసేసి సోల్డర్ చేస్తాను.