పెరట్లో రక్తపింజర, ఏం చేయాలి?

మట్టిబాట: పెరట్లో కట్టెల కుప్ప దగ్గర ఒక పాము తిరుగుతోంది. లావుగా పొట్టిగా ఉంది, వీపు మీద గొలుసు వేసినట్టు గుండ్రటి మచ్చలు, కాస్త దగ్గరికెళ్తే చాలు కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. ఇంట్లో పాకే పిల్ల ఉంది, అదే టెన్షన్. మా బావమరిది కర్రతో కొట్టేద్దాం అంటున్నాడు, పక్కింటాయన ఫినాయిల్ చల్లమంటున్నారు. ఏది నయం?

చెట్టునీడ: రెండూ వద్దు. ఆనవాళ్లు రక్తపింజరవే. దీన్ని కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోబోయి కరిపించుకునేవాళ్లు ఉంటారు, కాబట్టి అనుమానం ఉన్నా పింజర అనే లెక్కేసుకోండి. బద్ధకంగా పడుంటుంది గానీ కాటు వేసేటప్పుడు మాత్రం కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. తల తెగాక కూడా కాసేపు కరవగలదు, మీ బావమరిదికి ఇది చెప్పండి ముందు. పిల్లని, పెంపుడు జంతువులుంటే వాటినీ లోపలికి తెచ్చి, తలుపు కింద సందులో గుడ్డ కుక్కి, పాములు పట్టేవాళ్లకో అటవీశాఖకో ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా ఒకరు దూరంగా నిలబడి దాని మీదే కన్నేసి ఉంచాలి. కుప్పలో దూరిపోతే ఎక్కడుందో చెప్పేవాళ్లు లేక, వచ్చినవాళ్లు ఊరికే వెతికి పోతారు.

రాత్రిబండి: ఫినాయిల్, వెల్లుల్లి, గంధకం, ఇవన్నీ మన తృప్తికే. పైగా ఘాటుకి చిరాకుపడి ఇంట్లోకే వస్తే? అది వచ్చింది ఎలుకల కోసం. పామును తీసుకెళ్లాక కట్టెలు నేలకి తగలకుండా ఎత్తున పేర్చండి, ఎలుక బొరియలు పూడ్చండి. ఇప్పుడే కుప్ప కదపొద్దు. పింజర గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, ఒక్కో ఈతలో 20 నుంచి 40 దాకా ఉండొచ్చు, పుట్టిన పిల్లకీ విషం ఉంటుంది. అందుకే తర్వాత కూడా కొన్నాళ్లు బూట్లు, టార్చ్ లేకుండా అటు వెళ్లకండి.

మట్టిబాట: ఫోన్ చేశాం, వస్తున్నారు. జంట పాము పగబడుతుందని అత్తయ్య ఒకటే గోల. ఒకవేళ కరిస్తే ఏం చేయాలో కూడా చెప్పండి.

చెట్టునీడ: పగా లేదు ఏమీ లేదు, పాముకి మన మొహం గుర్తుండదు. అత్తయ్యగారికి మెల్లగా చెప్పండి.

తెల్లకోటు: కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ చేయొద్దు. వాపు వస్తుంది కాబట్టి ఉంగరాలు, గాజులు, పట్టీలు వెంటనే తీసేయాలి. కరిచిన కాలు కదలకుండా చూసి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బయల్దేరుతూనే ఫోన్ చేసి మందు ఉందో లేదో కనుక్కోండి, దీనిలో చాలా టైమ్ కలిసొస్తుంది. పింజర విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, అందుకే ఆసుపత్రిలో కాస్త రక్తం గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. చిగుళ్ల నుంచి రక్తం వచ్చినా, మూత్రం ఎర్రగా వచ్చినా డాక్టర్‌కి చెప్పండి. పామును చంపి తేవక్కర్లేదు, దూరం నుంచి ఫోటో తీయగలిగితే చాలు, లేకపోయినా వైద్యం ఆగదు.