అప్‌డేట్: డెలీ శాండ్‌విచ్‌కి 13 డాలర్లు దండగేనా అని అడిగా కదా, లెక్కేశా

పోయిన నెల అడిగింది నేనే, జెర్సీ సిటీలో ఆఫీస్ కింద డెలీలో (కోసిన మాంసం, చీజ్, శాండ్‌విచ్‌లు అమ్మే కొట్టు) టర్కీ కోడి మాంసం శాండ్‌విచ్ 13 డాలర్లు, రోజూ కొనడం దండగా కాదా అని. సగం మంది ఇంట్లో చేసుకోమన్నారు, సరే అని ఒకటి ఇంటికి తెచ్చి విప్పి కిచెన్ స్కేల్ మీద పెట్టా (మా ఆవిడ నవ్వింది లెండి). టర్కీ 5 ఔన్సులుంది, అంటే దాదాపు 140 గ్రాములు, పౌండ్ 12 డాలర్ల లెక్కన మాంసమే 3.75, చీజ్ 1.25, బ్రెడ్ రోల్ ఒక డాలర్, టమాటా లెట్యూస్ మయో (మయోనైజ్) ఇంకో డాలర్, మొత్తం 7. పైగా న్యూజెర్సీలో శాండ్‌విచ్‌గా చేసిస్తే 6.625 శాతం సేల్స్ టాక్స్, అదే టర్కీ కోయించుకుని ఇంటికి తెచ్చుకుంటే టాక్స్ లేదు, ఇది నాకు అస్సలు తెలీదు!

కానీ రెండు వారాలు చేసి చూశాక తెలిసింది, రోల్స్ ఆరు కొంటే రెండు బూజు పట్టాయి, లెట్యూస్ సగం చెత్తబుట్టలోకే, కోసిన టర్కీ ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు రోజులే బాగుంటుంది. వాళ్ళలాగా పల్చగా కోయడం మన కత్తితో అయ్యే పని కాదు, కౌంటర్‌లోనే కోయించుకోవాలి.

ఇప్పుడు ఆదివారం అర పౌండ్ కోయించి బుధవారం దాకా నడిపిస్తున్నా, మయోలో కాస్త కొరివి కారం కలుపుతా. శుక్రవారం మాత్రం డెలీకే, అక్కడి ఊరేసిన దోసకాయ ముక్క కోసం.