మా నాయన పక్షుల నోటుపుస్తకాలు ఎవరికి ఇవ్వాలి? (కడప)

అందరికీ నమస్కారం. మాది బద్వేలు దగ్గర పల్లె. మా నాయన బడిపంతులు. 1986లో లంకమల కొండల కంపల్లో, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్లీ కనపడిందని తెలిసినప్పటి నుంచి ఆయనకు పిట్టల పిచ్చి పట్టింది. ఏ రోజు, ఏ చెరువు, ఎన్ని పిట్టలు, అన్నీ రాసేవాడు. మొత్తం పదకొండు పుస్తకాలు. రెండింటికి చెదలు పట్టేసింది.

ఒక ఆఫీసులో అడిగితే "ఇచ్చిపోండి, చూస్తాం" అన్నారు. ఆ బీరువా చూసినాక ఇవ్వబుద్ధి కాలేదు.

జిల్లాలో ఇట్లాంటి లెక్కలు చేర్చి, సరిచూసి, భద్రపరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారా? కాలేజీ జువాలజీ వాళ్లయినా సరే. పిట్టల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పాత తేదీలతో నేనే ఎక్కించొచ్చంట గానీ, నాయన కొన్నిచోట్ల "తీతువులు, చానా" అని మాత్రమే రాసినాడు. చానా అంటే ఎన్నని వేయాలి? కొన్ని పేర్లు మా ఊరి పేర్లే, అవి ఏ పిట్టలో నాకే తెలీదు.

ఇంకోటి, అరుదైన పిట్టల గూళ్లు ఎక్కడున్నాయో కూడా రాసిపెట్టినాడు. అవి అందరికీ కనపడకుండా దాచే వీలుందా? ఉచ్చులు పెట్టేవాళ్లకు దారి చూపినట్టు కాకూడదు.

ముందు ఫోన్‌తో పేజీలన్నీ ఫొటోలు తీస్తున్నా. అసలు పుస్తకాలు మాత్రం ఊరికే ఎవరికీ ఇవ్వను, అమ్మ ఒప్పుకోదు.