నమ్మకం లేని దేశానికి అణు పరిజ్ఞానం ఉండవచ్చునా?

ప్రశ్న: అమలాపురం పాఠకురాలు

మా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే చర్చకు ఈసారి పై అంశాన్ని పెట్టారు. పేరు ఎత్తకపోయినా అందరి మనసులోనూ ఉన్నది ఇరాన్ అని వేరే చెప్పనక్కరలేదు. విశ్రాంత తహసీల్దారు గారొకరు, 2002లో యురేనియం శుద్ధి చేసే నతాంజ్ కేంద్రం సంగతి బయటపడేవరకు ఆ దేశం నోరు మెదపలేదనీ, దాచిపెట్టినవాడికి మళ్లీ తాళంచెవి ఇవ్వడం తెలివితక్కువతనమనీ గట్టిగా వాదించారు. రొయ్యల చెరువులున్న పెద్దాయన ఒకరు లేచి, 1974లోనూ 1998లోనూ మన దేశాన్ని కూడా సరిగ్గా ఇవే మాటలన్నారనీ, ఆంక్షలు పెట్టిన అమెరికా నుంచే ఇప్పుడు కొవ్వాడలో రియాక్టర్లు కడతామని వస్తున్నారనీ బదులిచ్చారు. అక్కడి నుంచి చర్చ దేశభక్తి మీదికి మళ్లి, అసలు ప్రశ్న మరుగున పడిపోయింది.

వచ్చే సమావేశంలో నేను మాట్లాడవలసి ఉంది. ఒక దేశం మీద నమ్మకం లేకపోవడమే దానికి ఈ పరిజ్ఞానాన్ని నిరాకరించడానికి చాలిన కారణం అవుతుందా? అవుతుందనుకుంటే, ఎవరి అపనమ్మకాన్ని లెక్కలోకి తీసుకోవాలి? తెలిసిన పెద్దలు వివరించగలరు.

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు, రాజమహేంద్రవరం

అమ్మా, అణు పరిజ్ఞానమంతటినీ ఒకే ముద్దగా చూస్తే ఈ చర్చ ఎప్పటికీ తేలదు. క్యాన్సర్ చికిత్సకు వాడే ఐసోటోపుల గురించి ఎవరికీ తగాదా లేదు, విద్యుత్ రియాక్టరు గురించి కొద్దిగా ఉంది, అసలు తగాదా అంతా యురేనియం శుద్ధి దగ్గరే ఉంది. గనిలో దొరికే యురేనియంలో వెయ్యి పరమాణువులకు ఏడు మాత్రమే మనకు పనికివచ్చే 235 రకం. తక్కినవి 238 రకం. కళ్లంలో వెయ్యి గింజలు పోస్తే ఏడు గట్టి గింజలు, 993 తాలు గింజలు అనుకోండి. విద్యుత్ కేంద్రానికి కావలసిన 4 శాతానికి చేరాలంటే తూర్పారబట్టి సుమారు 825 తాలు గింజలను ఎగరగొట్టాలి. అప్పుడు ఏడింటికి తోడు 168 మిగులుతాయి. 20 శాతం దగ్గర మిగిలే తాలు 28, 60 శాతం దగ్గర ఐదుకు లోపు, ఆయుధానికి వాడే 90 శాతం దగ్గర ఒకటికి లోపు. అంటే శ్రమలో అధికభాగం మొదటి 4 శాతానికే అయిపోతుంది, 60 శాతానికి చేరినవాడు దాదాపు గమ్యం చేరినట్లే. దీపాలు వెలిగించడానికి వాడే యంత్రాలే మరికొంతకాలం తిరిగితే బాంబుకు సరుకు తయారవుతుంది కనుక, యంత్రాన్ని చూసి దాని యజమాని మనసు చెప్పడం ఎవరి తరమూ కాదు.

అందువల్లనే 1970లో అమలులోకి వచ్చిన అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం శాంతియుత వినియోగానికి అణుశక్తిని అభివృద్ధి చేసుకొనే హక్కును సభ్యదేశాలన్నింటికీ ఇస్తూనే, ఆయుధాలు లేని దేశాలు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీకి ఒప్పుకోవాలని షరతు పెట్టింది. తనిఖీ అన్నది వచ్చిందే నమ్మకం లేనందువల్ల. నమ్మకం కుదిరిన తరువాతనే పరిజ్ఞానం అనేవారు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారని నా అభిప్రాయం.

ఈ తనిఖీ ఎలా ఉంటుందో మన పత్రికలు పెద్దగా రాయవు. తనిఖీదారు చేతిరుమాలు కంటే చిన్నదైన నూలుగుడ్డతో గోడనో, పైపునో, బల్లనో తుడిచి సంచిలో వేసి పంపితే, ఆస్ట్రియాలోని ప్రయోగశాలలో దానికి అంటిన ధూళికణంలో యురేనియం ఎంత శాతానికి శుద్ధి అయిందో చెప్పగలుగుతారు. పాత్రలకు వేసే లోహపు ముద్రల లోపలి వైపు గీతలను ముందుగా ఫొటో తీసి ఉంచుకుని, తిరిగి వచ్చాక పోల్చి చూస్తారు. 1992లో ఉత్తర కొరియా, బాంబుకు పనికివచ్చే మరో సరుకైన ప్లుటోనియం తాను తీసినది ఇంతేనని ఇచ్చిన లెక్క తప్పని ఇటువంటి నమూనాలే పట్టించాయి.

తనిఖీ విఫలమైన సందర్భమూ చెప్పాలి. 1991 యుద్ధం తరువాత ఇరాక్‌లో రహస్య కార్యక్రమం బయటపడింది. అప్పటివరకు తనిఖీదారులు ఆ దేశం చూపించిన చోట్లనే చూస్తూ వచ్చారు. ఆ లోపాన్ని సరిదిద్దడానికే 1997లో, చూపించని చోట్లకూ వెళ్లే వీలిచ్చే అదనపు ప్రోటోకాల్ అనే ఒడంబడికను తెచ్చారు. అదే ఇరాక్ విషయంలో 2003 మార్చిలో, అణు కార్యక్రమాన్ని తిరిగి మొదలుపెట్టిన ఆధారాలు లేవని సంస్థ అధిపతి ఎల్‌బరాదీ భద్రతామండలికి చెబితే, అపనమ్మకమే పైచేయి అయి అమెరికావారు యుద్ధానికి వెళ్లారు. వెళ్లాక అక్కడ దొరికినదేమీ లేదు.

జవాబు: భీమవరం న్యాయవాది

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. రొయ్యల చెరువుల పెద్దాయన చేసిన పోలిక వినడానికి బాగుంటుంది కానీ న్యాయస్థానంలో నిలవదు. మనం ఆ ఒప్పందం మీద సంతకమే చేయలేదు. ఇరాన్ సంతకం చేసి, దానివల్ల వచ్చే హక్కును కోరుతూ, దానితోపాటు వచ్చే బాధ్యతను ఏళ్ల తరబడి దాచిపెట్టింది. ఒప్పందంలో ఉండి దాచినవాడికి ఏ మూల్యమూ లేకపోతే, నిజాయితీగా తలుపులు తెరిచిన దేశాలకు మనం చెప్పేదేమిటి? ఉత్తర కొరియా ఒప్పందంలో ఉంటూ విద్య నేర్చుకుని, 2003లో బయటికి వెళ్లిపోయి, 2006లో పరీక్ష జరిపిన ముచ్చట అందరికీ తెలిసినదే.

అయితే మన గతాన్ని కూడా కడిగిన ముత్యంలా చూపించవద్దని ఆ అమ్మాయికి నా సలహా. 1956లో కెనడా శాంతియుత వినియోగానికని ఒప్పుకుని ఇచ్చిన సైరస్ రియాక్టరు నుంచే, అమెరికా పంపిన భారజలంతో (రియాక్టరు నడపడానికి వాడే, మామూలు నీటికంటే బరువైన నీరు) నడిచిన దాని నుంచే, 1974 పోఖ్రాన్ పేలుడుకు ప్లుటోనియం వచ్చింది. దానిని మనం శాంతియుత విస్ఫోటనం అన్నాము. కెనడా ఆ మాటను ఒప్పుకోలేదు, సహకారం ఆపేసింది. ఈరోజు మనం సభ్యత్వం కోసం తలుపు తడుతున్న అణు సరఫరా దేశాల బృందం పుట్టిందే మన పేలుడు వల్ల. 2008 సెప్టెంబరులో ఆ బృందం మనకు మినహాయింపు ఇచ్చింది కూడా మంచివాళ్లమని కాదు, 22 రియాక్టర్లలో 14ను తనిఖీ కిందికి తెస్తామని ఒప్పుకున్నందువల్ల. అమెరికాతో అణు ఒప్పందం కోసం అప్పటి ప్రభుత్వం వామపక్షాల మద్దతు పోగొట్టుకుని, జూలై 22న విశ్వాస పరీక్షను ఎదుర్కోవలసి వచ్చింది. ఇంకొక చేదు నిజమేమిటంటే, 2005 జూలైలో అమెరికాతో అణు సహకారం మీద సంయుక్త ప్రకటన చేసిన మనం, అదే సెప్టెంబరులో వియన్నాలోని అణుశక్తి సంస్థ సమావేశంలో ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటు వేశాము.

జవాబు: అశ్వాపురంలో పెరిగిన కాకినాడ వాసి

చిన్న చేర్పు. న్యాయవాది గారు ప్రస్తావించిన భారజలాన్ని ఇప్పుడు మన గోదావరి నీటి నుంచే, ధవళేశ్వరానికి ఎగువన మణుగూరు దగ్గరి కర్మాగారంలో తీస్తున్నారు. మా నాన్నగారు అక్కడే పనిచేశారు. మనకు ఒకప్పుడు బయటి నుంచి వచ్చిన ఆ సరుకును 2016లో అమెరికా ఎవరి దగ్గర కొన్నదో తెలుసునా? ఇరాన్ దగ్గర, 32 టన్నులు. ఇరాన్‌తో 2015లో కుదిరిన అణు ఒప్పందం నడుస్తున్న రోజుల్లో అపనమ్మకం ఎక్కడికీ పోలేదు, అయినా బేరం జరిగింది.

జవాబు: రాజోలు గృహిణి

మా వారు కువైట్‌లో పనిచేస్తారండి, మా తోటికోడలు కూడా అక్కడే ఇంటిపనికి వెళ్లింది. మా వీధిలో గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు వెతికితే గాని దొరకదు. మీరందరూ ఒప్పందాల గురించి మాట్లాడుతున్నారు కానీ, బాంబులు పడితే ఏమవుతుందన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఇరాన్‌లోని బుషెహర్ రియాక్టరు కువైట్ నగరానికి 300 కిలోమీటర్ల లోపే ఉంది. కువైట్‌లో తాగునీరు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసి ఇచ్చేదే. ఆ సముద్రంలోకి విషం చేరితే నీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? 2025 జూన్‌లో ఇరాన్‌లోని నతాంజ్, ఫోర్దో, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద దాడులు జరిగినప్పుడు మా వారు ఫోనులో అడిగింది ఒక్కటే, ఇంట్లో నీళ్ల సీసాలు ఎన్ని పెట్టుకోవాలని.

ఇంకొక సంగతి. ఆ బుషెహర్‌కు ఇంధనం రష్యానే ఇస్తుంది, వాడేసినది రష్యానే వెనక్కి తీసుకుపోతుంది. అబుదాబి ఎమిరేట్‌లోని బరాకాలో నాలుగు రియాక్టర్లు నడుస్తున్నాయి. వాళ్లు శుద్ధి జోలికి పోమని 2009లోనే అమెరికాకు రాసి ఇచ్చారు. కరెంటే కావాలంటే దారి ఉందని దీనివల్ల తెలుస్తోంది కదా. మరి ఇరాన్ ఆ దారి ఎందుకు చాలదన్నదో, దానికి పెద్దలే జవాబు చెప్పాలి.

అడిగినవారు మళ్లీ

రాజోలు అక్కగారు అడిగినది నేను ఆలోచించనే లేదు. మాస్టారూ, తహసీల్దారు గారు తప్పకుండా అడగబోయే ప్రశ్న ఒకటి ఉంది. విద్యుత్తుకు 4 శాతం చాలునన్నప్పుడు, ఇరాన్‌కు 60 శాతంతో పనేమిటి?

జవాబు: విశ్రాంత భౌతికశాస్త్ర ఉపన్యాసకుడు

విద్యుత్తు కోసమైతే ఏ పనీ లేదమ్మా, అది సూటిగా ఒప్పుకోండి. కానీ వరుస కూడా చెప్పండి. 2015 ఒప్పందం కింద 3.67 శాతం దాటకుండా, 300 కిలోలకు మించకుండా ఉండటానికి ఇరాన్ ఒప్పుకుని, నిల్వలో సుమారు 11 టన్నులను రష్యాకు పంపించింది. షరతులు పాటిస్తున్నదని తనిఖీ సంస్థ పదేపదే నివేదించింది. 2018 మే 8న అమెరికా వైదొలిగింది. 60 శాతం మొదలైనది 2021 ఏప్రిల్‌లో. తనిఖీ సంస్థ కెమెరాలు 27 తీసేసినది 2022 జూన్‌లో. 60 శాతం బేరానికి పెట్టిన బెదిరింపు అని నేను అనుకుంటాను, ఆ బెదిరింపు ప్రమాదకరమైనదని కూడా అనుకుంటాను. శుద్ధి వదలకపోవడానికి కారణం, రేపు ఇంధనం ఇచ్చేవాడు చేయి వెనక్కి తీసుకుంటే ఎలాగన్న భయమని వారు చెప్పేది. మన తారాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి అమెరికా ఇంధనం ఆగిన అనుభవం మనకూ ఉంది కనుక ఆ మాటను పూర్తిగా కొట్టివేయలేను.

రాజోలు అమ్మాయి భయానికి వస్తే, అణు కేంద్రాల మీద దాడి చేయబోమని భారత్, పాకిస్తాన్‌లు 1988 డిసెంబరు 31న ఒప్పందం చేసుకుని, 1992 నుంచి ఏటా జనవరి 1న తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వీరికంటే అపనమ్మకం ఉన్న ఇరుగుపొరుగు ఎక్కడుంటారు?

జవాబు: భీమవరం న్యాయవాది

జాబితా మంచిదే మాస్టారూ, కానీ అందులో రాసినది నిజమో కాదో అవతలివారు వెళ్లి చూసేది లేదు. అది దాడి చేయకపోవడానికి ఉదాహరణ, తనిఖీకి కాదు. అమ్మాయికి మీ వాదన బలపడాలంటే బ్రెజిల్, అర్జెంటీనాల సంగతి చెప్పమనండి. ఒకరినొకరు అనుమానించుకుంటూ శుద్ధి పనులు రహస్యంగా సాగించిన ఆ రెండు దేశాలూ 1991లో ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. అర్జెంటీనా తనిఖీదారులు బ్రెజిల్ కేంద్రాలకు, బ్రెజిల్ వారు అర్జెంటీనా కేంద్రాలకు వెళతారు. వియన్నా వారు ఎలాగూ ఉంటారు. బ్రెజిల్ ఈనాటికీ యురేనియం శుద్ధి చేస్తూనే ఉంది, దాని మీదికి ఎవరూ విమానాలు పంపలేదు. అయితే అక్కడ రెండు దేశాల్లోనూ సైనిక పాలన పోయి ఎన్నికైన ప్రభుత్వాలు వచ్చిన తరువాతే ఇది సాధ్యమైంది. ఆ సంగతి దాటవేస్తే నేనే లేచి అడ్డుపడతాను.