నాపరాయి ఏ శిల? గ్రానైట్ ఏ శిల?

ప్రశ్న: పిల్లల పుస్తకంలో అగ్నిశిల, అవక్షేప శిల అని ఉంది. వీటికి మన వాడుకలో వేరే మాటలున్నాయా? నాపరాయి ఈ రెండింటిలో దేని కిందికి వస్తుంది?

జవాబు: నాపరాయి అవక్షేప శిలేనండి, సున్నపురాయి జాతి. తాండూరు, బేతంచర్ల, పల్నాడు వైపు గనుల్లో తీసేది ఇదే. ఒకప్పటి సముద్రాల అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని, పైబరువుకు గట్టిపడి రాయైంది. ఆ పొరల వెంబడి ఉలి పెట్టి కొడితే పలకలుగా లేస్తుంది. మన ఇళ్లలో నేల మీద పరిచిన బండలు చాలావరకు అలా వచ్చినవే.

గ్రానైట్ పుట్టుక వేరు, అది అగ్నిశిల. నేల లోతుల్లో కరిగి ఉన్న శిలాద్రవం బయటికి రాకుండా అక్కడే చాలా నెమ్మదిగా చల్లారింది. అంత నిదానం వల్లే స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా పెరిగి, ఒకదానిలో ఒకటి బిగుసుకున్నాయి. అందుకే దీంట్లో నాపరాయి లాంటి పొరలు కనిపించవు. హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలూ, గోల్కొండ కోట ఉన్న కొండా ఈ రాయే. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు.

ఇక మాటల సంగతి. పుస్తకం రాయి ఎలా పుట్టిందో చూసి పేరు పెట్టింది. రాతిపనివాళ్లకు కావలసింది ఆ రాయి ఎలా ఉంది, దేనికి పనికొస్తుంది అన్నది. అందుకే సరిగ్గా ఒకటికి ఒకటి దొరకవు. ‘బండ’నే చూడండి. గుట్ట మీది పరుపుబండ గ్రానైట్, ఇంట్లో పరిచిన షాబాదు బండ సున్నపురాయి. రెండూ బండలే! పుట్టుక తెలియకపోయినా గుణం మాత్రం మనవాళ్లకు బాగా తెలుసు. రోలు, తిరగలి గ్రానైట్ లాంటి గట్టి రాతితో చేశారు గానీ నాపరాతితో చేయలేదు. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో గ్రానైట్‌లోని పలుగురాయి (క్వార్ట్జ్) కాఠిన్యం 7, సున్నపురాయిది 3. నాపరాతి తిరగలికి కక్కు (గరుకు గాట్లు) కొట్టినా ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇంత పదసంపద మన దగ్గర ఉండగా పాఠంలో ‘అవక్షేప’ పక్కన ‘నాపరాయి, ఇసుకరాయి’ అని ఒక్క ముక్క రాస్తే పిల్లలకు ఎంత సులువో. ఇది మాత్రం తప్పకుండా జరగాలి.

ఇంకొకరు: మరి చీమకుర్తి గెలాక్సీ అనే నల్లరాయి? గ్రానైట్ అనే అమ్ముతారు కదా.

జవాబు: వ్యాపారంలో మెరుగు పెట్టే గట్టిరాయి ఏదైనా గ్రానైటే. శాస్త్రం ప్రకారం అది గాబ్రో అనే మరో నల్లరాయి జాతి, గ్రానైట్ కాదు. కానీ అదీ అగ్నిశిలే, కాబట్టి మన ప్రశ్నకు అడ్డు రాదు.

శిలాజాలు మాత్రం అవక్షేప శిలల్లోనే వెతకాలి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర అలాంటి రాళ్లలోనే దొరికింది. దాని శాస్త్రీయ నామంలో ఆ ఊరి పేరు కూడా ఉంది.

ఇంకొకరు: వంటగది గట్టుకు వేసింది కడప నల్లబండో, నల్ల గ్రానైటో తెలిసేదెలా?

జవాబు: నిమ్మరసం ఒక చుక్క వేసి కాసేపు ఆగి తుడవండి. కడప బండ అయితే సున్నం పులుపుకు కరిగి, అక్కడ మెరుపు పోతుంది. గ్రానైట్‌కు ఏమీ కాదు. ఆ మచ్చ పోదు కనుక ఎవరికీ కనపడని మూల చూసుకుని వేయండి.